జడలు కట్టిన కుక్క

చిట్టెమ్మ పేరెత్తితే ఉప్పుగుంటపాలెంలో ఇప్పటికీ ఒకటే మాట చెబుతారు: "అమ్మవారి జడలు కోసిన మనిషి." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. ఆవిడ కోసింది కుక్క వెంట్రుకలు. కుళ్లి, పురుగు పట్టి, ఒక మూగప్రాణిని నిలువునా తినేస్తున్న వెంట్రుకలు. పదేళ్లు దాటినా నా కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

నా పేరు త్రిపురసుందరి. మాది బందరు. తొంభై నాలుగులో దివిసీమ చివర, సముద్రం ఒడ్డున ఉన్న ఆ పాలెం బడికి టీచర్‌గా వేశారు. నాగాయలంకలో గది అద్దెకు తీసుకుని రోజూ కొంతదూరం ఆటోలో, కొంతదూరం రొయ్యల చెరువుల గట్ల మీద నడిచి వచ్చేదాన్ని. బడికి పక్కిల్లే చిట్టెమ్మది. నలభై ఏళ్లుంటాయి అప్పటికి. భర్త సూరయ్య కులపెద్ద వెంకటస్వామి పడవలో వేటకు వెళ్లేవాడు. నెమ్మదస్తుడు, అవసరానికి కూడా నోరు విప్పడు. ఆ లోటంతా చిట్టెమ్మ తీర్చేది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆవిడ బేరం మొదలెడితే మా పిల్లలకు ఎక్కాలు వినిపించేవి కావు.

ఆ రోజుల్లో పాలెం చుట్టూ ఉన్న నేలంతా ఒక రొయ్యల కంపెనీ తవ్వేసింది. కంపెనీ గెస్ట్‌హౌస్‌లో వంట చిట్టెమ్మదే. మేనేజరు భానుప్రకాష్ మద్రాసు నుంచి వచ్చినవాడు. వస్తూ వస్తూ ఒక కుక్కను తెచ్చాడు. అలాంటి కుక్కను ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. తల్లి పూడిల్, తండ్రి లాబ్రడార్ అట. నడుమెత్తున ఉండేది. ఒళ్లంతా గోధుమరంగు ఉంగరాల జుట్టు. పేరు బ్రాండీ. మద్యనిషేధం కొత్తగా పెట్టిన కాలం అది. సాయంత్రం చిట్టెమ్మ గట్టెక్కి "బ్రాండీ! ఒరేయ్ బ్రాండీ!" అని అరుస్తుంటే దారిన పోయే కానిస్టేబులు సైకిలు దిగి వచ్చాడు. కుక్కను చూసి నవ్వాపుకుంటూ, "పేరు మార్చమ్మా" అన్నాడు. "ఆడు నా మాట ఇంటాడా, మీ మాట ఇంటాడా? మీరే మార్చి పిలిచి చూడండి" అంది చిట్టెమ్మ. కానిస్టేబులు పిలిచి చూసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

తొంభై ఐదు వేసవిలో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చింది. చెరువులకు చెరువులు తేలిపోయాయి. కంపెనీ రెండు లారీల్లో సామాను వేసుకుని వారం తిరక్కుండా వెళ్లిపోయింది. ఏసీ మెషిన్లు తీసుకెళ్లారు, కుర్చీలు తీసుకెళ్లారు, గోడకున్న గడియారం కూడా తీసుకెళ్లారు. కుక్కను మాత్రం చిట్టెమ్మ చేతికిచ్చాడు మేనేజరు. "నెల రోజులు చూసుకో చిట్టెమ్మా. ఇల్లు కుదరగానే జీపు పంపిస్తాను" అన్నాడు. ఒక దువ్వెన, ఇంగ్లీషులో రాసిన ఒక కాగితం కూడా ఇచ్చాడు. ఆ జీపు రాలేదు. ఎక్కడున్నాడో గాని, ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మంచి మాట రాదు.

కాగితం నా దగ్గరికి తెచ్చింది. చదివి చెప్పాను. మామూలు కుక్కకు జుట్టు రాలిపోతుంది, దీనికి రాలదు, పెరుగుతూనే ఉంటుంది. రోజూ కుదుళ్లదాకా దువ్వాలి. నీళ్లలో తడిస్తే ఆరబెట్టి మళ్లీ దువ్వాలి. నెలన్నరకోసారి ఒళ్లంతా కత్తిరించాలి. లేకపోతే ముడులు పడి చర్మం పాడైపోతుంది.

చిట్టెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆయనకే రెణ్ణెల్లకోసారి చవరం టీచరమ్మగారూ. ఈయనగారికి నెలన్నరకా? మంగలెవరు చేస్తాడండీ కుక్కకి?"

నవ్వింది గాని, దువ్వడం మానలేదు. పొద్దున్నే చేపల రేవుకు వెళ్లేలోపు గుమ్మంలో కూర్చోబెట్టి, తిడుతూ దువ్వేది. "నాకు తల దువ్వుకునే తీరిక లేదు గాని నీకు సవరం ముడవాలిరా మారాజా" అనేది. అది ఆవిడ ఒళ్లో మూతి పెట్టుకుని కళ్లు మూసుకునేది. అన్నంలో చేపతలకాయల పులుసు కలిపి పెడితే చాలు. పీతలంటే చచ్చేంత భయం, నీళ్లంటే చచ్చేంత ఇష్టం. పడవలు వస్తుంటే ఈదుకుంటూ ఎదురెళ్లి తాడు నోట కరిచి లాక్కొచ్చేది. మొదట్లో సూరయ్య "మనకెందుకే ఈ సంత" అన్నవాడు, ఆ తాడు లాగడం చూశాక తన కంచంలో చేప దానికి వేయడం మొదలుపెట్టాడు. జీపు చప్పుడు వినిపిస్తే మాత్రం బ్రాండీ అన్నం వదిలేసి గట్టు మీదికి పరుగెత్తేది. ఏ వ్యవసాయాఫీసు జీపో అయ్యేది. అది దాటిపోయేదాకా నిలబడి, తలొంచుకుని వచ్చేది. చిట్టెమ్మ భానుప్రకాష్‌ని అమ్మనా బూతులు తిట్టేది. నేను బళ్లో పిల్లలకు వినిపించకుండా తలుపు వేయాల్సి వచ్చేది.

వానలు పడ్డాక కష్టం మొదలైంది. కుక్క రోజుకు నాలుగుసార్లు ఉప్పునీళ్లలో దిగుతుంది, బురదలో పొర్లుతుంది. ఎండ లేదు, ఆరదు. చిట్టెమ్మకు గెస్ట్‌హౌస్ వంటపని పోయింది గనుక పొద్దున రేవు, మధ్యాహ్నం ఎండుచేపల పని. దువ్వడం రెండు రోజులకోసారి అయింది, తర్వాత వారానికోసారి. ముడులు పడ్డాయి. లాగి దువ్వితే అరిచేది. శ్రావణం వెళ్లేసరికి మెడ మీద, వీపు మీద జుట్టు పేలికలు పేలికలుగా అట్టలు కట్టింది.

అప్పుడు చూసింది దేవమ్మ. వెంకటస్వామికి అక్క. పాలెంలో ఆడవాళ్లకు ఆవిడ మాటే మాట. గుమ్మంలో దువ్వెన పట్టుకుని కూర్చున్న చిట్టెమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆగవే. జడలు కడుతున్నయ్యి కనబడట్లా? దువ్వెన పెట్టావంటే ఇంటికి అరిష్టం" అంది.

ఆ పాలెంలో అది చిన్న మాట కాదు. ఎవరికైనా జుట్టు దానంతటదే జడలు కడితే గంగమ్మ పూనిందని నమ్మకం. ఇక దువ్వెన తాకకూడదు, ఇనుము తాకకూడదు. అమ్మవారు తనంతట తాను సెలవిస్తే చైత్రంలో జరిగే గంగమ్మ సంబరంలోనే తీయాలి. ఆవిడ సెలవివ్వకపోతే చచ్చేదాకా మోయాలి. మనుషులకున్న ఆ ఆచారాన్ని దేవమ్మ కుక్కకు అంటగట్టింది. నేను నవ్వి ఊరుకున్నాను. చిట్టెమ్మ నవ్వలేదు. దువ్వెన చూరులో దోపేసింది. దానికి కారణం ఉందని నాకు తర్వాత తెలిసింది.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున పడవలు బయలుదేరే వేళకు బ్రాండీ వెళ్లి వెంకటస్వామి పడవ ముందు ఇసకలో పడుకుంది. అదిలిస్తే లేవలేదు. పట్టి లాగబోతే కీచుమని అరిచింది. సూరయ్య ఎత్తబోతే వణికిపోయింది. వెంకటస్వామి చేతులు కట్టుకుని కాసేపు చూశాడు. "అమ్మ అడ్డం పడుకుంది. ఇయ్యాల ఏట లేదు" అన్నాడు. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచింది. వాయుగుండం. పక్క పాలెం నుంచి వెళ్లిన పడవలవాళ్లు వలలు పోగొట్టుకుని, సగం చచ్చి తిరిగొచ్చారు.

వాయుగుండం సంగతి ముందురోజు సాయంత్రమే రేడియోలో చెప్పారు. నేను చెవులారా విన్నాను. వెంకటస్వామి ఇంట్లోనూ రేడియో ఉంది. పాటలు అయిపోగానే కట్టేసి ఉంటాడు. ఇక కుక్క ఎందుకు లేవలేదంటారా? వెనక తొడల మధ్య జుట్టు పొట్ట కింది జుట్టుతో కలిసి అట్టకట్టేసింది. అడుగు వేస్తే చర్మం చిరిగినంత బాధ. నడవలేక పడిపోయింది, అంతే. నొప్పితో కూలబడ్డ కుక్కకు నూరుమంది దండం పెట్టారు.

ఇక మొదలైంది. రోజూ పసుపునీళ్లు పోసేవారు. అసలే ఆరని జుట్టు. కుంకుమ అద్దేవారు, వేపమండలు మెడకు కట్టేవారు, సాంబ్రాణి పొగ వేసేవారు. పెరుగన్నం, బెల్లం పొంగలి. బందరు నుంచి కూడా జనం వచ్చారు, పెడన నుంచి వచ్చారు. నేనూ ఒకరోజు బొట్టు పెట్టాను. ఆ కాగితం చదివినదాన్ని, సంగతి తెలిసినదాన్ని, నలుగురూ చూస్తున్నారని పెట్టాను. పిల్లల్ని బడికి పంపడం మానేస్తారేమోనని, పైకి పితూరీ రాస్తారేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సిగ్గులేని పని.

మూడు వారాలు గడిచాక చిట్టెమ్మ ఒక మధ్యాహ్నం బళ్లోకి వచ్చింది. పిల్లల్ని బయటికి పంపమంది. "టీచరమ్మగారూ, కంపు కొడతందండీ" అంది మెల్లగా. ఆవిడ మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"సాంబ్రాణి కదా..."

"చేపలమ్ముకునేదాన్నండీ. కుళ్లు వాసన నాకు తెలీదా? ఆడు లోపల కుళ్లిపోతన్నాడు." తర్వాత కిందికి చూస్తూ చెప్పింది. "మా అమ్మకి జడలు పన్నెండేళ్లున్నయ్యండి. అందరూ కాళ్లకి మొక్కేవాళ్లు. నిద్దట్లో లేచి జడల కింద పుల్ల పెట్టి గోక్కుంటా ఏడిసేది. నేను చిన్నపిల్లని. నొప్పిగా ఉందా అమ్మా అని ఒక్కరన్నా అడిగారేమో అని చూసేదాన్ని. ఒక్కరూ అడగలా. నేను కూడా అడగలేదండి."

ఆ మర్నాడే అవనిగడ్డ పశువుల ఆసుపత్రికి వెళ్లింది. కుక్కను తీసుకెళ్లడానికి ఏ ఆటోవాడూ ఒప్పుకోలేదు, అమ్మవారిని ఊరు దాటిస్తే ఊరుకోరని. ఒక్కతే వెళ్లి, లక్షణాలు చెప్పింది. అక్కడి కాంపౌండరు దేవసహాయం మంచివాడు. వెంట్రుకలు మొత్తం తీసేయకపోతే వారం కూడా బతకదన్నాడు. కత్తెర చర్మానికి ఎంత ఎడంగా పట్టాలో ఒక గొర్రె మీద చూపించాడు. పురుగులు చచ్చే మందు సీసా, పైపూత మందు, పొడుగాటి కత్తెర ఇచ్చి పంపాడు.

చాటుగా చేసి ఉంటే గొడవ ఉండేది కాదేమో. నేనదే చెప్పాను. చిట్టెమ్మ నన్ను కోపంగా ఒక్క చూపు చూసింది. పొద్దున పది గంటలకు, అందరూ రేవు నుంచి తిరిగొచ్చే వేళకు, గుమ్మం ముందు గోనెపట్టా పరిచి బ్రాండీని పడుకోబెట్టింది. కత్తెర తీసింది. మొదటి జడ కింద పడేసరికి ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. దేవమ్మ మట్టి తీసి గాల్లోకి చల్లి శపించింది. వెంకటస్వామి పరుగున వచ్చాడు. "ఒరేయ్ సూరయ్యా! నీ పెళ్లాం చెయ్యి పట్టుకోరా! పట్టుకోకపోతే నా పడవలో నీకు చోటు లేదు" అని అరిచాడు.

సూరయ్య వచ్చాడు. భార్యను చూశాడు, పెద్దాయన్ని చూశాడు. తర్వాత గోనెపట్టా మీద కూర్చుని కుక్క తల తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. నేను ఆ పాలెంలో ఉన్నన్నాళ్లూ చూసిన మగతనం ఏదైనా ఉందంటే అదొక్కటే.

మూడు గంటలు పట్టింది. వీపు మీద అట్ట లేచేసరికి కింద చర్మం లేదు. ఎర్రటి పచ్చిపుండు, అందులో కదులుతున్న పురుగులు. చిట్టెమ్మ తల ఎత్తి అరిచింది. "రండే! మొక్కుకున్నోళ్లందరూ రండి! మీ పసుపునీళ్లు ఏం చేసినయ్యో చూసి పోండి! ఏం, రారేం? ఇన్నాళ్లూ ఎగబడి వచ్చారుగా!" ఎవరూ దగ్గరికి రాలేదు. ముక్కులు మూసుకుని ముఖాలు తిప్పుకున్నారు. కానీ కింద పడ్డ జుట్టును మాత్రం దేవమ్మ ఒక్క పోగు వదలకుండా పసుపు గుడ్డలో ఏరుకుంది. కళ్లకద్దుకుంది. ఆ మూట తీసుకెళ్లి గంగమ్మ గుళ్లో పెట్టారు. మర్నాటి నుంచి పూజ ఆ మూటకే.

కుక్క ఏమైందో ఎవరికీ పట్టలేదు. గొరిగిన ఒళ్లు, బయటికొచ్చిన డొక్కలు, మందు పూతలు. నెల క్రితం పొంగలి తినిపించిన చేతులే రాళ్లు తీసుకున్నాయి. "మైలకుక్క, పో" అని తరిమేవారు. అమ్మ దాన్ని వదిలి వెళ్లిపోయిందట. ఇప్పుడది ఉత్త కుక్కట. ఇంతకన్నా నీచం నేనెక్కడా చూడలేదు. చిట్టెమ్మతో పాలెంలో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ తట్టలో చేపలు వేయలేదు. సూరయ్య పడవ దిగిపోయి కాలవలో విసురువల వేసుకుని పడ్డ నాలుగు చేపలతో ఇంటికొచ్చేవాడు. అన్నీ భరించారు. బ్రాండీ ఒంటి మీద పుండ్లు మానాయి. జానెడు మేర ఉన్న గాయం మీద మళ్లీ నూగు మొలిచిన రోజు చిట్టెమ్మ నా చెయ్యి లాక్కెళ్లి తాకించి చూపించింది.

చైత్రానికి వెంకటస్వామి తీర్పు చెప్పాడు. గంగమ్మ సంబరంలో జడల మూట ఉన్న పళ్లెం చిట్టెమ్మ నెత్తిన పెట్టుకుని ఊరేగింపు ముందు నడవాలి. గుడి ముందు అందరూ వింటుండగా "తప్పయిపోయింది" అని చెప్పాలి. చెబితే సూరయ్యకు పడవలో చోటు. చెప్పకపోతే ఆ పాలెంలో వాళ్లకు బతుకు లేదు. చిట్టెమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు సరేనంది. కాలవ ఒడ్డున మోకాళ్లు పట్టుకుని కూర్చుంటున్న మొగుణ్ని చూడలేక ఒప్పుకుందని నాకు తెలుసు.

ఆ రోజు డప్పులు, పులివేషాలు, జనం. పసుపు చీర కట్టుకుని పళ్లెం ఎత్తుకుని నడిచింది. ముఖం బండలా ఉంది. నేను చేతిలో కొబ్బరికాయతో ఆడవాళ్ల వరసలో నిలబడ్డాను. గుడి దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో కట్టేసిన తాడు తెంపుకుని బ్రాండీ వచ్చేసింది. జనాన్ని చూసి తోక ఊపుకుంటూ వచ్చింది. వీళ్లంతా తనకు అన్నం పెట్టినవాళ్లేనని దానికి గుర్తుంది మరి. ఎవడో రాయి విసిరాడు. వెనక కాలికి తగిలి అరుస్తూ కూలబడింది. డప్పులు ఆగాయి. "తరమండి దాన్ని! మైల!" అన్నాడు వెంకటస్వామి. "నువ్వు చెప్పవే చిట్టెమ్మా, వేళ మించిపోతంది."

చిట్టెమ్మ పళ్లెం దించింది. గుడి ముందు కాదు, నడివీధిలో దుమ్ములో పెట్టేసింది. వెళ్లి కుక్క ఎదురుగా నేల మీద కూర్చుంది. దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. అందరికీ వినపడేలా, బేరమాడే గొంతుతో చెప్పింది.

"తప్పయిపోయిందిరా. దేవమ్మ మాట ఇని దువ్వెన చూరులో పెట్టాను. నీకు నొప్పెడతంటే దణ్ణం పెట్టాను. మూణ్ణెల్లు ఆలస్యం చేశాను. తప్పయిపోయింది."

వెంకటస్వామి కర్ర నేలకేసి కొట్టాడు. "అమ్మకి చెప్పమంటే కుక్కకి చెబుతావటే?"

"తప్పు ఎవరికి చేశానో ఆళ్లకే చెప్పాను మావా" అంది, లేవకుండానే. "మీ అందరికీ ఉంది చెప్పాల్సింది. ఇదిగో ఇక్కడే కూర్చుంటాం. రండి."

ఎవరూ రాలేదు. కాసేపటికి దేవమ్మ పళ్లెం ఎత్తుకుంది, డప్పులు మళ్లీ మొదలయ్యాయి. జనం వాళ్లిద్దర్నీ తప్పుకుని అటూ ఇటూ పాయలుగా చీలి గుళ్లోకి వెళ్లారు.

బ్రాండీ ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. నెలన్నరకోసారి అందరూ చూస్తుండగా గుమ్మంలోనే కత్తెర పట్టేది చిట్టెమ్మ. వేటకు మనుషులు చాలక వెంకటస్వామే రెండేళ్ల తర్వాత సూరయ్యను పిలిచి పడవెక్కించుకున్నాడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

ఆ రోజు గుడి వైపు వెళ్లిన జనంలో నేనూ ఉన్నాను. వాళ్లిద్దరి పక్కనుంచే, చీర కుచ్చిళ్లు దుమ్ము అంటకుండా ఎత్తి పట్టుకుని వెళ్లాను. కాగితం చదివింది నేను. బొట్టు పెట్టింది నేను. చిట్టెమ్మ తలెత్తి నా వంక చూసి, పక్కన కాస్త చోటిచ్చి జరిగింది. నేను లోపలికి వెళ్లి కొబ్బరికాయ కొట్టాను.